సీటు మీంచి లేవని పిల్ల

మా అమ్మ చేపల గంప నెత్తికెత్తుకుని ఇంట్లోంచి బయల్దేరాక నీళ్ళు ముట్టేది కాదు. అండమాన్ దీవుల్లో మా బాంబూఫ్లాట్‌లో పొద్దున్నే మొదటి ఫెర్రీ ఎక్కి, అవతల ఫీనిక్స్ బేలో దిగి, పోర్ట్ బ్లెయిర్ వీధుల్లో గంప ఖాళీ అయ్యేదాకా తిరిగి, మధ్యాహ్నం ఫెర్రీకి వెనక్కి వచ్చేది. అంతసేపూ గొంతు తడిపేది కాదు. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు. మగవాళ్ళకైతే ఊరంతా చోటే. ఇంటికొచ్చి, గంప దించి, అరుగు మీద నిలబడి ఒక చెంబు నీళ్ళు ఎత్తిపట్టి గటగటా తాగేది. ఆ గుటకల చప్పుడు వింటేనే అమ్మ వచ్చిందని మాకు తెలిసేది.

మా వాడలో చేపలమ్మే ఆడవాళ్ళందరిదీ ఇదే పద్ధతి. స్వరాజ్యం వచ్చాక శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు వలలతోపాటు దీన్నీ తెచ్చుకున్నారో, ఇక్కడికొచ్చాకే అలవాటు చేసుకున్నారో నాకు తెలీదు. ఆడపిల్ల కాస్త ఎదగగానే వెంట తీసుకెళ్ళి నేర్పేవాళ్ళు. నేర్పడమంటే ఏముంది, నీళ్ళడిగితే ఇవ్వకపోవడమే. ఇంటికొచ్చేదాకా ఆపుకున్న పిల్లని "గట్టి గుంట" అని పదిమందిలో మెచ్చుకునేవాళ్ళు. నన్నూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎంత తియ్యగా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది. గుర్తొస్తే సిగ్గేస్తుంది.

నేను గంప ఎత్తలేదు. కుట్టుపని నేర్చుకుని, మా వాడలోనే రేకుల షెడ్డులో నడిచే కుట్టు సెంటర్‌కి టీచర్నయ్యాను. ఆరు కాలి మిషన్లు, ఒక బల్ల, ఒక అద్దం. వెనక అంతా మడ చెట్లు, బురద. మరుగుదొడ్డి లేదు. కావాలని ఒకసారి అర్జీ పెట్టాను, ఎవరూ పలకలేదు, నేనూ ఊరుకున్నాను. దానికి బదులు ఒక రూలు పెట్టాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఎవరూ లేవకూడదు. లేస్తే కుట్టు వంకర పోతుందని చెప్పేదాన్ని. నా నోటికి వాడంతా హడలు కాబట్టి పిల్లలు నమ్మినట్టే ఉండేవాళ్ళు.

ఆ పిల్ల నా దగ్గరికి వచ్చేనాటికి పదహారేళ్ళుంటాయేమో. మా పక్క వరసలో ఇల్లు. తండ్రి డింగీ మీద చేపలకి పోయేవాడు, తల్లి చేపలమ్మేది. తల్లితో మూడేళ్ళు గంప మోసి వచ్చిన పిల్ల. మొదటి రోజు మిషను ముందు కూర్చోబెట్టి, పాత చీర ముక్క చేతికిచ్చి, గీత మీద కుట్టమన్నాను. మధ్యాహ్నం అందరూ లేచి వెళ్ళిపోయినా ఇంకా కుడుతూనే ఉంది. "ఛుట్టీ అయిందే, లే" అంటేగానీ లేవలేదు. ముక్కంతా గీతలే, ఒక్కటీ వంకర లేదు. నాకు ముచ్చటేసింది. ఏడాది తిరిగేసరికి మిగతా పిల్లలకి రోజూ దాన్నే చూపించి దెప్పేదాన్ని. "దాన్ని చూడండే. మీలాగా గంటకోసారి లేస్తానంటుందా?"

మద్రాసు నుంచి ఏజెంటు వచ్చింది ఆ మరుసటి ఏడాదే. విదేశాలకి చొక్కాలు కుట్టి పంపే ఫ్యాక్టరీ ఒకటి ఉందట, అందులోకి పిల్లలు కావాలట. తెల్ల ప్యాంటు వేసుకుని మా బురదలోకి దిగాడు. కుట్లు పెద్దగా చూడలేదు. కాజాలు చూడలేదు. అరవ యాసతో హిందీలో ఒకటే అడిగాడు. "దీదీ, లడ్కీ సీట్ పే బైఠ్‌తీ హై నా? బార్ బార్ ఉఠ్‌తీ తో నహీ?" సీటు మీద కుదురుగా కూర్చుంటుందా, మాటిమాటికీ లేస్తుందా అని. ఇదేం ప్రశ్న అని నాకు తట్టాల్సింది. తట్టలేదు. పైగా గర్వం వచ్చింది. అడిగిన ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు ఉందని. ఆ పిల్లని చూపించాను.

అక్కడి సూపర్‌వైజర్‌కి ఒక చీటీ రాసివ్వమన్నాడు. హిందీలో రాశాను. నడవడిక మంచిది, చెయ్యి కుదురు అని రాసి, కింద నా బుద్ధికొద్దీ ఇంకో మాట చేర్చాను. ఈ అమ్మాయి ఒకసారి కూర్చుంటే పని అయ్యేదాకా లేవదు అని. ఆ మాట కింద గీత కూడా గీశాను.

తల్లి నా దగ్గరికి వచ్చి కూచుంది. "టీచరమ్మా, నువ్వు సెప్పు. పంపనా, ఒద్దా? దాని అయ్య ఒద్దంటన్నాడు. సముద్రం దాటితే మన సేతిలో ఉండదంటన్నాడు."

"ఇక్కడుంటే ఏం చేస్తుంది, గంప మోస్తుంది. అక్కడ నీడ పట్టున కూర్చుని కుట్టుకుంటుంది" అన్నాను.

ఆ మాట కూడా నాదే. ఇంకెవరి మీదకీ నెట్టలేను.

పిల్లకి మాత్రం ఫ్యాక్టరీ గొడవ లేదు. దానికి రైలు చూడాలి. మా ద్వీపాల్లో పుట్టిన పిల్లలకి రైలంటే పుస్తకంలో బొమ్మే. ఓడలెన్ని రకాలో చెప్పగలరుగానీ రైలు కూత ఎలా ఉంటుందో తెలీదు. హడ్డో రేవులో ఓడెక్కే ముందు నా కాళ్ళకి దణ్ణం పెట్టి, "దీదీ, రైలు చూడగానే మీకే ఫస్ట్ చిట్టీ రాస్తా" అంది. తల్లి దాని చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పావని తర్వాత అడిగితే, "ఏటుంది, దార్లో నీల్లు ఎక్కువ తాగీకే అన్నాను" అంది. తాగొద్దని.

ఉత్తరాలు ఇంటికే వచ్చేవిగానీ, చదివేది నేనే కాబట్టి దీదీ అని నాకే రాసేది, హిందీలో. మా పిల్లలు మాట్లాడేది తెలుగు, చదివింది హిందీ. తల్లికి ఏ అక్షరమూ రాదు. ఓడ వచ్చిన రెండో రోజు తల్లి కవరు పట్టుకుని సెంటర్‌కి వచ్చేది, నేను చూసి తెలుగులో చెప్పేదాన్ని. పిల్లలందరూ మిషన్లు ఆపి వినేవాళ్ళు.

మొదటి ఉత్తరంలో రైలు ఉంది. హాస్టల్ నుంచి ఫ్యాక్టరీకి వ్యానులో తీసుకెళ్తారట, దారిలో రైలు గేటు ఉందట. గేటు వేస్తే అందరూ విసుక్కుంటారట, ఇది మాత్రం రోజూ గేటు పడాలని కోరుకుంటుందట. షెడ్డంతా నవ్వాం.

తర్వాతి వాటిలో పని గురించి ఉండేది. వరసలో నలభై మంది, ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్కే కుట్టాలి. దీనిది కాలరు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా కాలర్లే. మొత్తం చొక్కా ఎలా ఉంటుందో ఇంతవరకూ చూడలేదని రాసింది. గోడకి బోర్డు ఉంటుందట, గంటకి ఎవరెన్ని కుట్టారో దాని మీద రాస్తారట. నలభై మందికీ కలిపి ఒకటే టోకెను. చెక్కబిళ్ళ. అది మెడలో వేసుకుంటేనే బాత్రూంకి వెళ్ళనిస్తారు. ఒకరు వెళ్ళొస్తేగానీ ఇంకొకరికి లేదు. ఆలస్యమైతే సూపర్‌వైజరు తలుపు దగ్గరికొచ్చి కొడతాడట. "నాకేం ముష్కిల్ లేదు దీదీ, నాకు ఆదత్ ఉంది కదా" అని రాసింది.

అలవాటు ఉంది కదా. ఆ మాట చదివి నేను తల్లి వంక చూశాను, తల్లి నా వంక చూసింది. ఇద్దరం నవ్వుకున్నాం. మన పిల్ల గట్టిదని.

ఏడాదిన్నరకి ఒక పెద్ద ఉత్తరం వచ్చింది. వరసలో దీని పక్కన కూర్చునే అమ్మాయి, అరవ పిల్ల, దీన్ని సొంత చెల్లెల్లా చూసుకునేదట. ఆ అమ్మాయి మిగతావాళ్ళని కూడగట్టి, వరసకి మూడు టోకెన్లు ఇవ్వాలని, హాలులో తాగడానికి కుండ పెట్టాలని అడిగింది. ఇవ్వనన్నారు. ఒక మధ్యాహ్నం వరసంతా మిషన్లు ఆపేసి చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇది ఒక్కతే కుట్టింది. మేనేజరు వచ్చి అందరి ముందూ దీన్ని చూపించి, "ఈ అండమాన్ పిల్ల పొద్దున్నుంచి ఒక్కసారి లేచిందా? ఈమెకి లేని అవసరం మీకెందుకు? ఇదంతా పని ఎగ్గొట్టే నాటకం" అన్నాడట. కుండా రాలేదు, టోకెన్లూ రాలేదు. అడిగిన అమ్మాయిని పనిలోంచి తీసేశారు.

"నేను చేసింది సహీ కదా దీదీ?" అని చివర అడిగింది.

దానికి నేను ఏం రాశానో అక్షరం అక్షరం గుర్తుంది. నువ్వు చేసిందే మంచిది, కొట్లాటల్లో తలదూర్చకు, నీ పని నువ్వు చూసుకో అని రాశాను. తల్లికి చదివి వినిపిస్తే, "బాగా రాసినావు టీచరమ్మా" అంది. ఇద్దరం కలిసి ఆ పిల్ల గొంతు కట్టేశాం. అప్పుడు అది తెలీదు. తెలీదంటే తప్పు పోతుందా?

ఆ తర్వాత ఉత్తరాలు తగ్గాయి. నడుం నొప్పి అని ఒకసారి, జ్వరం వచ్చి తగ్గిందని ఇంకోసారి, మళ్ళీ వచ్చిందని మరోసారి. కుట్టుపని చేసేవాళ్ళకి నడుం నొప్పి ఎవరికుండదు, నాకూ ఉందని రాసి ఊరుకున్నాను. నాలుగు నెలల తర్వాత ఓడకి ఎవరో వచ్చి కబురు తెచ్చారు. పిల్ల తర్వాతి ఓడకి వస్తోందని. వరసగా ఆరు రోజులు పనిలోకి వెళ్ళలేకపోతే రిజిస్టర్‌లో పేరు కొట్టేశారట. హాస్టల్ ఖాళీ చెయ్యమన్నారట. ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ, ఓడ టికెట్టు కోసం రెండు రోజులు లైన్లో నిలబడిందీ, ఎక్కించిందీ ఆ తీసేసిన అమ్మాయేనట.

హడ్డోకి నేనూ తల్లీ వెళ్ళాం. నిచ్చెన మీంచి నెమ్మదిగా దిగింది. మొహం నిండుగా, బుగ్గలు ఉబ్బి, మెరుస్తూ ఉంది. తల్లి సంతోషంతో ఎదురెళ్ళి గడ్డం పట్టుకుంది. "ఒలే, ఒల్లు సేసినావే! జొరం జొరం అంటే ఎలాగైపోయినావో అనుకున్నాను."  చెప్పులు కాళ్ళకి పట్టక చేత్తో పట్టుకుని దిగడం నేను చూశాను. వంగి దాని పాదం మీద వేలితో నొక్కాను. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది.

పెద్దాసుపత్రి డాక్టరు తల్లితో మాట్లాడలేక నాతో హిందీలో చెప్పాడు. రెండు కిడ్నీలూ పోయాయి. పుట్టుకతో ఏదైనా బలహీనత ఉందేమో చెప్పలేను, కానీ ఏళ్ళ తరబడి నీళ్ళు తాగకుండా, ఆపుకుని ఆపుకుని, లోపల చీము పట్టి పట్టి ఇంతదాకా వచ్చినట్టుంది అన్నాడు. రక్తం శుభ్రం చేసే మిషను మెయిన్‌ల్యాండ్‌లోనే ఉంది, వారం వారం చేయించాలి, ఎన్నాళ్ళని చెప్పలేం. తండ్రి వినగానే డింగీ అమ్మేస్తానని లేచాడు. పిల్లే వద్దంది. మళ్ళీ ఆ ఓడెక్కలేనంది. ఇంట్లోనే ఉంటానంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఒంట్లో నీరు బయటికి పోవడం లేదు కాబట్టి రోజుకి రెండు చిన్న గ్లాసుల నీళ్ళే ఇవ్వాలి. మందుకీ, దాహానికీ, అన్నీ కలిపి అంతే. ఎక్కువైతే ఊపిరి ఆడదు. ఈ మాట తల్లికి తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎలాగో చెప్పాను.

"అప్పుడు తాగొద్దన్నాను. ఇప్పుడూ తాగొద్దనాలా?" అంది తల్లి.

తల్లి చేపలకి వెళ్ళక తప్పదు. సెంటర్ మధ్యాహ్నానికి మూసేశాక నేను వెళ్ళి పిల్ల దగ్గర కూర్చునేదాన్ని. కిటికీ పక్కన మంచం. నీళ్ళు ఒక గ్లాసులో పోసి, పైన పళ్ళెం మూసి పెట్టేదాన్ని. దూది తడిపి పెదాలకి అద్దేదాన్ని. మొదట్లో రైలు కబుర్లు చెప్పేది. గూడ్సు బండికి ఎన్ని పెట్టెలో రోజూ లెక్కపెట్టేదట. కాలరు ఎలా తిప్పి కుట్టాలో, సూది మొన ఎక్కడ ఆపాలో చేత్తో గాల్లో చూపించేది. ఆ పని దానికి ఇష్టం. అదే నాకు భరించడం కష్టంగా ఉండేది.

ఒకరోజు అడగకుండానే చెప్పింది. "దీదీ, నాకూ కావాలనిపించేది. దూస్‌రే సాల్ నుంచి, రెండో ఏడాది నుంచి చాలా నొప్పి ఉండేది. కానీ అందరూ నన్ను చూపించేవాళ్ళు కదా, అండమాన్ వాలీ అడగదు అని. ఇంక నేనెలా అడుగుతా? శరమ్ వచ్చేది."

"నాకెందుకు రాయలేదే?"

"మీరే కదా రాశారు, కొట్లాట వద్దని."

మళ్ళీ తనే అంది. "ఆ రోజు నేను కూడా మిషన్ బంద్ చేసుంటే వాళ్ళకి కుండ పెట్టేవాళ్ళేమో. నన్ను చూపించే కదా ఇవ్వమని మనా చేశారు. ఆ అక్క ఒక్క మాట కూడా అనలేదు నన్ను. ఓడ దాకా వచ్చింది."

నేను లేచి బయటికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని ఏడ్చాను. నాకు కోపం ఎక్కువ, ఏడుపు తక్కువ. ఆ రోజు ఎవరి మీద కోప్పడాలో తెలీలేదు. మద్రాసులో మొహం చూడని మేనేజరు మీదా, తెల్ల ప్యాంటు ఏజెంటు మీదా? వాళ్ళ మీద ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ వాళ్ళకి కావలసినట్టుగా పిల్లని తయారుచేసి, గీత గీసి మరీ అప్పజెప్పింది నేను.

మర్నాడు సెంటర్‌లో గుమ్మం పక్కన కుండ పెట్టాను. అర్జీలు మానేసి, పిల్లల తండ్రుల్ని నలుగుర్ని పిలిచి, ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చిన రేకులతో షెడ్డు వెనక మరుగుదొడ్డి కట్టించాను. పది రోజుల పని. పది రోజుల పని కోసం ఎనిమిదేళ్ళు ఊరుకున్నాను. గంటకోసారి గంట కొట్టి అందర్నీ లేవమనేదాన్ని. కొత్తగా చేరిన ఒక పిల్ల లేవలేదు. "నాకు జరూరత్ లేదు దీదీ, నేను సాయంత్రం దాకా ఉండగలను" అంది, నా మొహంలోకి చూస్తూ. మెచ్చుకుంటానని చూస్తోంది. నేను అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఆ పిల్ల బిత్తరపోయి కుండ దగ్గరికి పరిగెత్తింది.

ఏజెంటు కూడా మళ్ళీ వచ్చాడు. అదే ప్రశ్న అడిగాడు. "మా పిల్లలు దాహమేస్తే తాగుతారు, అవసరమైతే లేస్తారు. మీ ఫ్యాక్టరీలో కుండ పెట్టి, టోకెను తీసేశాక రా" అన్నాను. పాత పిల్ల ఎలా ఉందని అతను అడగలేదు. గుర్తు లేదనుకుంటాను. నవ్వి, వేరే వాడకి వెళ్ళిపోయాడు. అక్కడ ఎంతమంది దొరికారో నాకు తెలీదు.

తల్లి మధ్యాహ్నం ఫెర్రీ దిగి వచ్చేది. పిల్ల ఇంటికొచ్చిన మొదటి వారంలో ఒకరోజు అలవాటు ప్రకారం గంప దించి, అరుగు మీద నిలబడి చెంబెత్తింది. గటగట చప్పుడు కిటికీలోంచి లోపలికి వినబడింది. మంచం మీద పిల్ల కళ్ళు మూసుకుని వింటోంది. దాని గొంతు కూడా మింగుతున్నట్టు కదిలింది. తల్లి కిటికీలోంచి చూసింది. చెంబులో మిగిలిన నీళ్ళు చెట్టు మొదట్లో వంపేసింది. ఆ తర్వాత ఎప్పుడూ ఇంటి దగ్గర తాగలేదు. జెట్టీ దగ్గర కొళాయిలో తాగి, మూతి తుడుచుకుని వచ్చేది.

పిల్ల వచ్చిన ఏడో నెలలో ఒక మధ్యాహ్నం. తల్లి ఇంకా రాలేదు. బాగా ఉక్కగా ఉంది. పిల్ల చెయ్యి చాపి నా చీర కొంగు పట్టుకుంది.

"దీదీ, పానీ."

గ్లాసు మీది పళ్ళెం తీసి చూశాను. ఆ రోజుది అయిపోయింది. రాత్రి మాత్రకి ఒక గుక్క దాచి ఉంచాను, అంతే.

"ఒక్క గుక్క దీదీ."

ఆ పిల్ల నా దగ్గర కుట్టులో చేరి అయిదేళ్ళయింది. సూది అడగలేదు, దారం అడగలేదు, ఛుట్టీ అడగలేదు. నన్ను నోరు తెరిచి అడిగింది అదే మొదలు. నేను డాక్టరు చెప్పింది తలుచుకున్నాను. గ్లాసు మీద మళ్ళీ పళ్ళెం మూశాను.

"రేపు ఇస్తానమ్మా. పొద్దున్నే ఇస్తాను" అన్నాను.

ఇంకోసారి అడుగుతుందనుకున్నాను. అడిగితే ఇచ్చేద్దామనే అనుకున్నాను, ఏమైతే అయిందని. చెయ్యి గ్లాసు దాకా వెళ్ళింది కూడా. అది సరేనని తలూపింది. కొంగు వదిలేసి, గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారేసరికి పిల్ల లేదు.

ఇచ్చినా ఒక రోజు ముందో వెనకో అంతేనని డాక్టరు తర్వాత అన్నాడు. నాకు ఓదార్పుగా చెప్పాడు. నన్ను తినేసేది అది కాదు. ఒక్కసారి కాదనగానే అంత తొందరగా ఊరుకోవడం ఆ పిల్లకి నేర్పింది మేమే.